పట్టికలో లేని గడి

5 జనవరి 1990, సూర్యాపేట

మా నల్ల కారు మళ్లీ మిస్ కొట్టింది. బస్టాండు దాటగానే మొదలుపెట్టి చివ్వెంల దాకా దగ్గుతూనే ఉంది. నాలుగు సిలిండర్లలో ఒకటి పని మానేసి మిగతా మూడింటి మీద భారం వేస్తోంది. మా పాత హైస్కూలు స్టాఫ్‌రూము గుర్తొచ్చింది. ఎడ్లబండి తోలుకుంటూ ఒకడు నన్ను దాటిపోతూ ‘నూకాల్నా సారూ?’ అని అరిచాడు. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని వాడికి ఎనిమిదో తరగతిలో చెప్పింది నేనే. వాడు మాత్రం రోడ్డుకు అడ్డంగా ప్రయాణిస్తున్నాడు.

ఇంటికి వచ్చేసరికి రాందాసు ఉత్తరం. కోదాడలో బట్టల దుకాణం పెట్టుకుని మీటరు కర్రతో లోకాన్ని కొలిచే మహానుభావుడు. నా భార్య ఆండాలు తమ్ముడు కనుక ఇన్నేళ్లు భరించాను. ఆండాలు పోయి మూడు నెలలయింది, ఇక భరించాల్సిన అవసరం లేదు. అయినా ఉత్తరం వస్తే చించి చదువుతాను. అలవాటు.

వచ్చే నెల పదహారున అతని కూతురు అలివేలు పెళ్లి. పెళ్లి కోదాడలో, అత్తవారు మిర్యాలగూడలో. అత్తవారింటికి నల్లబండిలోనే పోతానని పిల్ల పట్టుబట్టిందట. చిన్నప్పుడు మేనత్త అలా మాట ఇచ్చిందట. రాందాసు మాటల్లోనే: ‘అక్క ఇచ్చిన మాట నేను కాదనను బావా. కానీ పెండ్లిపిల్లతోని బండి నడిరోడ్డు మీద ఆగితే మా పరువు పోతది. పెండ్లికి వారం ముందు, తొమ్మిదో తారీఖు, నాకు మిర్యాలగూడల పనుంది. నన్ను తీసుకపోయి తీసుకరా. ఆగకపోతే పెళ్లికి నీ బండే. ఆగితే మారుతి వ్యాను మాట్లాడుకుంటా. నువ్వు గూడ ఆ ముసలిదాన్ని పాతఇనుము వాళ్లకు ఇచ్చెయ్.’

వెంటనే కార్డు రాసి పోస్టు చేశాను. ‘ఆగితే మిర్యాలగూడలోనే పాతఇనుము కొట్టుకు అప్పగించి బస్సెక్కి వస్తాను. ఆగదు.’

ఆండాలు గొలుసు అమ్మి కొన్న బండి ఇది. అరవై ఆరులో బదిలీ మీద వెళ్తున్న డాక్టరు దగ్గర కొన్నాం. అప్పటికే పాతది. ఇరవై మూడేళ్లలో ఒక్కసారి మిస్ కొట్టలేదు. నవంబరు నుంచే ఈ జబ్బు.

పొద్దున బండి కడిగాను. ఇంకేమీ చేయలేదు.

8 జనవరి

మెకానిక్ సైదయ్య షెడ్డుకు తీసుకెళ్లాను. ఈ ఊళ్లో నాతో ఇంకా మాట్లాడే మనిషి. వాళ్ల నాన్న కాలం నుంచి మా బండి అక్కడికే వెళ్తుంది. బండి గంటసేపు గడియారంలా నడిచింది. జనగామ రోడ్డు మీద తిప్పుకుని వచ్చి దిగాడు.

‘సారూ, దీనికేం రోగం లేదు. మీకే ఏమన్న ఉన్నదేమో జర దవాఖానల సూపిచ్చుకోన్రి.’

‘నేను మిస్ కొట్టానా?’

‘మీరు ఎప్పటినుంచో కొడ్తున్నరు గద సారూ.’

ఇలాంటివాడితో స్నేహం చేయడం నా దరిద్రం. శుక్రవారం రమ్మంటే రాడు. ఆ రోజు జాన్‌పహాడ్ దర్గాకు పోతాడు, పానా ముట్టడు. ఆ దర్గా సైదులు బాబా పేరు పెట్టుకున్నందుకు వారానికి ఒకరోజు సెలవు. నా పేరు మీద ఏ దేవుడూ నాకు సెలవు ఇవ్వలేదు.

9 జనవరి

పట్టిక గీశాను. తేదీ, పొద్దుటి చలి, మంచు, పెట్రోలు ఎక్కడ పోయించింది, నడిచిన దూరం, ఏ చోట మిస్ మొదలైంది, ఏ చోట ఆగింది, కడిగానా లేదా. ఇలాంటి పట్టికలు ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల చేత గీయించాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు జ్యోతిషం చెబుతున్నాడట. వారం అనే గడి పెట్టలేదు. ఇంజిన్‌కు పంచాంగం తెలియదు.

12 జనవరి

పొద్దున బండి కడిగాను. ఇంకేమీ చేయలేదు. మిస్. ఐదు కిలోమీటర్లు.

13 జనవరి

సుక్కి పొద్దున్నే పేచీ పెట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా తండా నుంచి నడిచి వచ్చి ఈ ఇల్లు ఊడుస్తోంది. ఇల్లు తనదే అనుకుంటుంది. అది నిజం కూడా.

‘సారూ, పసుపు డబ్బ మల్ల ఒడిసింది. ఒక్క మనిషికి గింత పసుపు ఎట్ల ఒడుస్తది?’

‘గొంతు నొప్పి. పాలలో వేసుకుంటున్నాను.’

‘పాలు పోపిచ్చుకునుడు మానేసి నెలాయె గద.’

నీళ్లలో వేసుకుంటున్నానని చెప్పాను. అది నా వంక చూసి చీపురు తీసుకుని వెళ్లిపోయింది. పనివాళ్లకు చనువిస్తే ఇంతే.

16 జనవరి

పెట్రోలులో నీళ్లు కలుస్తున్నాయన్నది నా మొదటి సిద్ధాంతం. ట్యాంకు ఖాళీ చేయించాను. చుక్క నీరు లేదు. రెండోది ప్లగ్గులు. నాలుగూ మార్పించాను. మూడోది కరెంటును కలిపి విడదీసే పాయింట్లు. సైదయ్య గరుకు కాగితంతో రుద్ది అద్దంలా చేశాడు. నాలుగోది కాయిల్, వేడెక్కితే మొరాయిస్తుందని. వేడెక్కకముందే మిస్ కొడుతోంది కనుక ఆ సిద్ధాంతం నా చేతిలోనే చనిపోయింది. ఐదోది రాందాసు దిష్టి. ఇది సరదాకు రాశాను. నాకూ సరదా ఉంటుంది.

గ్రంథాలయంలో ఇంగ్లీషు మోటారు పుస్తకం ఒకటి ఉంది. ఎనభై రెండులో నేనే కొనిపించాను. తీసుకున్నవాడు ఇప్పటిదాకా నేనొక్కడినే. ఆ పుస్తకంలో ఒక మాట: వచ్చిపోయే జబ్బును పట్టాలంటే అది వచ్చినప్పుడే చూడాలి. ఇంత చెప్పడానికి నాలుగు వందల పేజీలు.

19 జనవరి

పొద్దున బండి కడిగాను. ఇంకేమీ చేయలేదు.

గ్రంథాలయం ముందే మిస్ కొట్టి ఆగింది. అరుగు మీద పింఛనుదారుల సభ నిండుగా ఉంది. నా సైన్సు ప్రదర్శనకు గది ఇవ్వని పాత హెడ్మాస్టరు పేపరు కిందికి దించి నవ్వాడు. పళ్లు కట్టించుకున్నాడు. పై వరుస నప్పలేదు. ఇది ఇక్కడ రాసి పెట్టుకోవడం నాకు చాలా అవసరం.

22 జనవరి

సైదయ్యకు పట్టిక చూపించాను. వేలితో గడులన్నీ తడిమాడు.

‘మిస్ కొట్టిన దినాలల్ల అన్నిట్ల కడిగిన్రు సారూ. నీళ్లు లోపలికి పోతున్నయ్. కరెంటుకు తడి పడదు. గంతే.’

ఇంత తేలికా? నాకే తట్టాల్సింది. అందుకే కోపం వచ్చింది. పరీక్షించి తేలుస్తానని చెప్పి వచ్చాను.

24 జనవరి

ప్రయోగం. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద బకెట్టు నీళ్లు పోశాను. పావుగంట ఆగి కుడకుడ ఊరి దాకా వెళ్లి వచ్చాను. మిస్ లేదు! ఒక్కసారి కూడా లేదు.

26 జనవరి

ప్రయోగం రెండో భాగం. చుక్క నీరు తగలనివ్వలేదు. పొడి గుడ్డతో పైపైన తుడిచాను. ఇంకేమీ చేయలేదు.

మిస్. అదీ మా హైస్కూలు ముందు, జెండా ఎగిరే సమయానికి. ‘జనగణమన’ మధ్యలో మూడు సార్లు పేలింది. పిల్లలు తుపాకులనుకుని చప్పట్లు కొట్టారు.

తడిపితే బాగుంది, తడపకపోతే మిస్. సైన్సు నన్ను వదిలేసి వెళ్లిపోతున్నట్టు ఉంది. పట్టికలో అన్నీ రాశాను. అన్నీ.

29 జనవరి

సైదయ్య ఇవాళ ఒక పని చేశాడు. షెడ్డు గోడకున్న క్యాలెండరు మేకుతో సహా ఊడదీసి నా పట్టిక పక్కన పెట్టాడు. మసి వేలితో ఒక్కో తేదీ నొక్కుతూ పోయాడు. ఐదు. పన్నెండు. పంతొమ్మిది. ఇరవై ఆరు.

‘సారూ, అన్ని శుక్రారాలే.’

‘అయితే?’

‘నేనేమంటలే. శుక్రారం దీనికి పడ్తలేదంటున్న. నేను గూడ శుక్రారం పని చెయ్య గద. దీనికి గూడ సైదులు బాబా మీద భక్తి కలిగిందేమో.’

బూతులు నాకు రావు. వచ్చిన భౌతికశాస్త్రంతోనే తిట్టి వచ్చాను. రోడ్డెక్కాక ఇంకో సంగతి తట్టింది. తొమ్మిదో తేదీ శుక్రవారం. పదహారో తేదీ పెళ్లి కూడా శుక్రవారమే.

30 జనవరి

నా పుస్తకం తీసి చూసుకున్నాను. ‘బొట్టు పెడితే బండి నడుస్తుందా?’ ముప్పై రెండు పేజీలు, డెబ్బై ఒకటిలో సొంతంగా అచ్చు వేయించాను. లారీలకు నిమ్మకాయలు కట్టేవాళ్లను, మంచి రోజు చూసి ట్రాక్టరు ఎక్కేవాళ్లను, అందరినీ దులిపాను. పదిహేడో పేజీలో ఇలా ఉంది: ‘బొట్టు పెట్టినంత మాత్రాన ఇనుముకు బుద్ధి రాదు.’ ఇప్పటికీ మంచి వాక్యమే. అచ్చయిన అయిదు వందల కాపీల్లో నాలుగు వందల అరవై మంచం కింద ఉన్నాయి. ఒకటి రాందాసు దగ్గర ఉంది. ఈ పుస్తకం నుంచి ఎవరైనా ఏమైనా నేర్చుకున్నారంటే అది రాందాసే. ఆ ఒక్క వాక్యం బట్టీ పట్టాడు. పద్దెనిమిదేళ్లపాటు, తను మా ఇంట్లో ఉండగా ఆండాలు బండికి బొట్టు పెట్టినప్పుడల్లా, పళ్లెం పక్కన నిలబడి నా గొంతు అనుకరిస్తూ అది అప్పజెప్పేవాడు. ఆమె నవ్వేది. ఇద్దరిలో ఎవరిని చూసి నవ్వేదో ఎన్నడూ తేల్చి చెప్పలేదు.

అలాంటివాడి ముందు శుక్రవారానికి భయపడ్డానని ఒప్పుకోవడం కంటే బండిని మూసీలో తోయడం మేలు.

2 ఫిబ్రవరి

బండి కడిగాను. బయటికి తీయలేదు. ఇంకేమీ చేయలేదు.

3 ఫిబ్రవరి

పసుపు కొత్త ప్యాకెట్ తెచ్చాను. సుక్కి లెక్క అడగలేదు. అడగకపోవడం ఇంకా అసహ్యంగా ఉంది.

8 ఫిబ్రవరి, కోదాడ

సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఒక్క దగ్గు లేదు! రాందాసు ఇంటి ముందు ఇంజిన్ ఆపకుండా రెండు నిమిషాలు అలాగే ఉంచాను, విననీ అని. బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

‘నడుస్తున్నది గదా బావా. మరి ఉత్తరంల అంత కోపం ఎందుకు?’

‘నీ ఉత్తరంలో వ్యాకరణం చూసి వచ్చిన కోపం అది.’

అలివేలు పరుగెత్తుకు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది. వేడికి చెయ్యి తీసేసి మళ్లీ వేసింది. ఆండాలు పోలికలు నుదుటి దగ్గర ఉన్నాయి. ‘మామా, పదహారున ముందు సీటుల నేను కూసుంటా. ఆయన్ని వెనక కూసోబెడతా’ అంది. పెళ్లికొడుక్కి ఈ సంగతి ఇంకా తెలియదు.

రేపు వెళ్లి రావడం. ఆగితే పాతఇనుము. నేనే రాసి పంపాను.

9 ఫిబ్రవరి, కోదాడ

అంతా రాయాలి. 

పొద్దున అందరికంటే ముందే లేచి ఇంటి వెనక బండి కడిగాను. ఇవాళ పరీక్ష కదా, బాగా చూసుకున్నాను. ఇంకేమీ చేయలేదు.

కోదాడ దాటకముందే మొదలైంది. హుజూర్‌నగర్ వచ్చేసరికి బండి నడవడం లేదు, గెంతుతోంది. రాందాసు ముందు సీటులో ఎగిరెగిరి పడుతున్నాడు. పక్కవాడు మాటలు మింగుతుంటే ఎంత చప్పుడవుతుందో ఇవాళ విన్నాను. మారుతి వ్యాను కిరాయి లెక్క కట్టేసుకున్న ముఖం. నేరేడుచర్ల మిల్లుల దగ్గరికి వచ్చి బండి ఒకసారి గట్టిగా తుమ్మి ఆగిపోయింది.

అక్కడ బస్సు కోసం నిలబడి ఉన్నాడు సైదయ్య. దర్గా నుంచి వస్తున్నాడు. తల మీద రుమాలు, చేతిలో దర్గా ప్రసాదం మలీద పొట్లం.

‘సారూ! రోగం దొరికింది!’ అని అరిచాడు. నా బండి ఆగిపోతే ఇంత సంతోషించినవాడు లోకంలో లేడు. ‘రోగం ఉన్నప్పుడు సూసుడు ఇదే మొదటిసారి.’

‘అయితే చూడు.’

‘ఇయ్యాల శుక్రారం. చెయ్యి పెట్ట. కండ్లతోని సూస్త.’

బానెట్ ఎత్తి నిలబడి, ఎండలో ఏమీ కనబడదని చీకటి కావాలన్నాడు. మిట్టమధ్యాహ్నం నేరేడుచర్లలో చీకటి ఎక్కడ? మిల్లు గుమాస్తాను బతిమాలితే ధాన్యం గోదాములో ఒక మూల ఖాళీగా ఉందని, ఐదు నిమిషాలకు మించి వీల్లేదని అన్నాడు. నలుగురు హమాలీలు బండిని లోపలికి నూకి షట్టరు దించారు. చిమ్మచీకటి. ధాన్యపు దుమ్ము వాసన. రాందాసు తాళం తిప్పాడు. బండి మూడు కాళ్ల మీద కుంటుతూ లేచింది.

‘సూడున్రి సారూ. పాకుతున్నది.’

చూశాను. నాలుగు ప్లగ్గులకు కరెంటు పంచే నల్లమూత మీద నీలిరంగు దారం ఒకటి తేలులా పాకుతోంది. ప్లగ్గుకు పోవాల్సిన నిప్పు మూత మీదుగా జారి ఇనుములోకి పోతోంది. అందమైన దృశ్యం. ముప్పై ఒక్క ఏళ్లు బోర్డు మీద సుద్దతో గీసిందే, కళ్లతో ఎన్నడూ చూడలేదు. పిల్లలకు చూపించాల్సింది అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నాకు వేరే సంగతేదీ గుర్తు లేదు.

ఇంజిన్ ఆపి షట్టరు ఎత్తారు.

నల్లమూత మీద రూపాయి బిళ్లంత పసుపు. మధ్యలో కుంకుమ. దళసరిగా, ఇంకా తడి ఆరలేదు.

హమాలీలు నలుగురూ వంగి చూశారు. గుమాస్తా కూడా వంగాడు. సైదయ్య పై కప్పు వంక చూశాడు.

‘ఎవరు పెట్టిన్రు బావా?’ అన్నాడు రాందాసు.

‘సుక్కి. దాని పనే అయి ఉంటుంది.’

సుక్కి అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. పసుపు తడిగా ఉంది. ఈ రెండు విషయాలు రాందాసు లెక్కలోకి తీసుకున్నాడో లేదో తెలియదు. వేలితో కాస్త తీసి బొటనవేలితో రుద్దాడు.

‘నీళ్లతోని కలిపింది. పసుపు, సున్నం కలిసిన కుంకుమ, నీళ్లు. అక్క అయితే ఆముదంల కలిపేది బావా. మా అమ్మ మగ్గానికి పెట్టేది అట్లనే. నీళ్లతోని కలిపితే కారి నూలుకు అంటుకుంటదని ఆముదంల కలిపేది. అక్కకు అదే అలవాటు.’

‘ఆముదం గిట్ల అయితే ఏం కాకపోతుండె సారూ’ అన్నాడు సైదయ్య పై కప్పుతోనే. ‘నూనెల కరెంటు పారదు.’

ఇది నాకు చెబుతున్నాడు. నాకు!

రాందాసు భుజం మీది కొత్త కండువాతో నల్లమూత తుడిచాడు. పసుపు మరక పడితే పోదని బట్టల దుకాణంవాడికి తెలియదా? తుడిచాడు. తాళం తిప్పితే బండి పిల్లిలా గుర్రుమంది. మిర్యాలగూడ వెళ్లాం, వచ్చాం. దారిలో అతను అన్నది ఒకే మాట. ‘ఆగింది బండి కాదు బావా. పదహారున బండి నువ్వే తే.’

పదిహేడో పేజీ వాక్యం అనలేదు. పద్దెనిమిదేళ్లు వేళాపాళా లేకుండా అన్నవాడు, అనడానికి దేశంలో ఇంతకు మించిన సందర్భం దొరకదని తెలిసి కూడా అనలేదు. ఇదే అతని పగ. నేనైతే అనేవాణ్ని.

10 ఫిబ్రవరి, సూర్యాపేట

సుక్కి గడప మీదే నిలబడింది. లోపలికి రాలేదు. సైదయ్య నోరు ఆ షెడ్డులో అన్నింటికంటే వదులు నట్టు.

‘బండికి పసుపు నేను పెట్టిన్నని చెప్పిన్రట.’

నేను పేపరు చదువుతున్నాను.

‘మంచిదే. ఇగ నాకు జీతం పెంచున్రి సారూ. ఇల్లు ఊడుస్తున్న, బండికి పూజారి పని గూడ చేస్తున్న గద.’

‘సుక్కీ...’

‘నాకు తెల్వదా ఎవరు పెడ్తున్నరో? శుక్రారం శుక్రారం నేను జల్ది వస్తనే ఉన్న. మీరు బండి మూత ఎత్తుకోని ఉంటరు. నేను వస్తే సిగ్గయితరని గేటు కాడ్నే నిలవడ్త. మీరు సెయ్యి కడుక్కోని లోపలికి పొయ్యినంక వస్త. సలికాలం గూడ నిలవడ్డ.’

‘అప్పుడే చెప్పొచ్చు కదా ఆముదం అని!’

‘మీరు చేస్తనే లేరు గద సారూ. చెయ్యనోళ్లకు ఎట్ల చెప్పాలె?’

పేపరు తలకిందులుగా పట్టుకున్నానని అది వెళ్లాక చూసుకున్నాను.

11 ఫిబ్రవరి

పట్టికలో కొత్త గడి గీశాను. ‘బొట్టు’. 5: పెట్టాను. 12: పెట్టాను. 19: పెట్టాను. 24: పెట్టలేదు, పోసిన నీళ్లు పట్టుకునే పసుపు లేక జారిపోయాయి. 26: పెట్టాను. 2: పెట్టాను. 9: ఎక్కువ పెట్టాను. పట్టిక ఎంత ముచ్చటగా ఉందో. ఐదో తరగతి పిల్లవాడైనా జవాబు చెబుతాడు.

బండి కొన్న రోజున ఆండాలు సైదయ్య తండ్రిని అడిగింది, ‘దీని పానం ఏడుంటది?’ అని. ఆయన నల్లమూత చూపించాడు. ఆ రోజు నుంచి శుక్రవారం శుక్రవారం చిన్న గిన్నె పట్టుకుని వెళ్లేది. నేను వరండాలో కూర్చుని ఎగతాళి చేసేవాణ్ని. ఇరవై మూడేళ్లలో ఒక్కసారి లేచి దగ్గరికి వెళ్లి చూసి ఉంటే ఆ గిన్నెలో ఉన్నది నీళ్లు కాదని తెలిసేది. పరిశీలనే సైన్సుకు పునాది అని ప్రతి జూన్‌లో మొదటి పాఠం చెప్పినవాణ్ని.

ఆమె పోయాక ఒక శుక్రవారం బానెట్ ఎత్తితే మరక చెరిగిపోతూ కనబడింది. చిరాకు వేసింది. చిరాకు వేస్తే తుడిచేయాలి. నేను దిద్దాను. ఆ తర్వాత వారం వారం దిద్దాను. నమ్మి కాదు. నమ్మకుండానే చేశాను. ఇది ఏ పేజీలో రాయాలో తెలియడం లేదు.

సుక్కికి క్షమాపణ చెప్పాను. ‘ఏందో సారూ, గట్టిగ చెప్పున్రి’ అంది. చెవులు బాగానే వినబడతాయి దానికి.

17 ఫిబ్రవరి, మిర్యాలగూడ

నిన్న పెళ్లి అయింది. కోదాడలో పొద్దున బండి కడిగాను. బొట్టు పెట్టలేదు. పెళ్లిపిల్లతో దారిలో ఆగితే ఈసారి నిజంగా పాతఇనుమే. పొడి మూతే క్షేమం.

అప్పగింతలయ్యాయి. అలివేలు ఏడ్చుకుంటూ వచ్చి తలుపు పట్టుకుని, ఏడుపు ఆపి అడిగింది.

‘మామా, బొట్టు పెట్టిన్రా?’

‘లేదమ్మా. బండి బాగుంది. ఎక్కు.’

‘అత్త పెట్టకుండ ఎన్నడన్నా తీసిందా? మీరు పెడితేనే ఎక్కుతా.’

మూడు వందల మంది మమ్మల్నే చూస్తున్నారు. బ్యాండువాళ్లు కూడా ఆపేశారు. రాందాసు ముందుకు వచ్చి లాల్చీ జేబులోంచి చిన్న సీసా తీశాడు. ఆముదం. పొద్దుటి నుంచి జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట! జేబు చుట్టూ లాల్చీ జిడ్డు. వారంలో ఇది అతను నాశనం చేసిన రెండో బట్ట.

పళ్లెంలో పసుపు కలిపాను. బానెట్ ఎత్తాను. నల్లమూత మీద పెట్టాను, మధ్యలో కుంకుమ. ఆమె పెట్టినంత గుండ్రంగా రాలేదు.

వెనక నుంచి ఒక గొంతు. ‘మీరు ఆ పుస్తకం రాసిన సారు కాదా? బొట్టు పెడితే బండి నడుస్తుందా?’

పెళ్లికొడుకు మేనమామ. మిర్యాలగూడలో లెక్కల మాస్టారట. పందొమ్మిదేళ్లుగా ఒక పాఠకుడి కోసం ఎదురుచూశాను. వచ్చాడు. ఈ క్షణానికి వచ్చాడు. ‘మీ పుస్తకం చదివినంకనే నేను స్కూటరుకు నిమ్మకాయలు తీసేసిన సారూ. పదిహేడో పేజి నాకు నోటికొస్తది. బొట్టు పెట్టినంత మాత్రాన...’

రాందాసు దగ్గాడు. నవ్వు ఆపుకునే దగ్గు, నాకు బాగా తెలుసు.

‘ఆ వాక్యంలో అచ్చుతప్పు పడింది’ అన్నాను. ‘నీళ్లతో కలిపి అన్న మాట ఎగిరిపోయింది. నీళ్లతో కలిపి బొట్టు పెట్టినంత మాత్రాన ఇనుముకు బుద్ధి రాదు. రెండో ముద్రణలో సవరిస్తున్నాను.’

ఆయన జేబులోంచి కలం తీసి అరచేతిలో రాసుకున్నాడు. మంచి పాఠకుడు. రాందాసు స్తంభం చాటుకు వెళ్లిపోయాడు. భుజాలు కదలడం నేనున్న చోటికి కూడా కనబడింది.

అలివేలు ముందు సీటులో, ఆమె భర్త వెనక సీటులో. హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ. ఒక్క మిస్ లేదు. మిల్లు దగ్గర హమాలీలు చేతులెత్తారు. మిర్యాలగూడ పాతఇనుము కొట్టు ముందు నెమ్మది చేసి రెండుసార్లు హారన్ కొట్టాను. లోపలివాడు ఎవరో తెలియని మనిషి, అయినా.

బొట్టు లేకపోయినా ఇంతే బాగా నడిచేది. ఆ సంగతి నాకు తెలుసు. ఆండాలుకూ తెలిసే ఉంటుందని ఇప్పుడు అనుమానంగా ఉంది.

23 ఫిబ్రవరి, సూర్యాపేట

పొద్దున బండి కడిగాను. బానెట్ ఎత్తి చూస్తే గేటు అవతల సుక్కి, వీపు ఇటు తిప్పి, రోడ్డు మీద లేని బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను. వచ్చి ఏం చేయాలని అడిగింది. ఆముదం గిన్నె పట్టుకోమన్నాను.